ఉప్పుగాలి తగిలే మేడకు 3 కిలోవాట్ల సోలార్: ఏ ప్యానెల్, ఎలాంటి స్టాండు?

#1 రుషికొండ_డాబా
అందరికీ నమస్కారం. ఇల్లు విశాఖలో రుషికొండ దగ్గర, రెండంతస్తులు. సముద్రం సుమారు 700 మీటర్లు. మేడ మీద ఖాళీ జాగా 30×22 అడుగులు, పొడవు తూర్పు-పడమరలుగా ఉంది. వాయవ్యం మూల మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు. దక్షిణం వైపు పిట్టగోడ 3 అడుగులు. పడమటి పక్కింట్లో ఒక కొబ్బరి చెట్టు. కరెంటు వాడకం నెలకు 380 నుంచి 420 యూనిట్లు. సింగిల్ ఫేజ్, మంజూరైన లోడు 3 కిలోవాట్లు.

మూడు కొటేషన్లు వచ్చాయి.
అ) 545 వాట్ల మోనో పెర్క్ (పాత రకం సెల్) ప్యానెళ్లు 6, డీసీఆర్ (సెల్ కూడా మన దేశంలో తయారైనది), వెనక బ్యాక్‌షీట్ (ప్లాస్టిక్ పొర), జీపీ స్టాండు.
ఆ) 575 వాట్ల టాప్‌కాన్ (కొత్త రకం సెల్) బైఫేషియల్ (వెనక వైపు నుంచీ కరెంటు ఇచ్చేది) 6, డీసీఆర్, రెండు వైపులా గాజు, హాట్ డిప్ స్టాండు. 'అ' కంటే 28 వేలు ఎక్కువ.
ఇ) 590 వాట్ల టాప్‌కాన్ 6, నాన్-డీసీఆర్. ధర 'అ' కంటే 35 వేలు తక్కువ, సబ్సిడీ రాదు.

మూడింటికీ 3 కిలోవాట్ల ఇన్వర్టరే. ఏది తీసుకోమంటారు?

#2 లెక్కల_మాస్టారు
'ఇ' ని ముందే పక్కన పెట్టేయండి. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం సూర్యఘర్‌లో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30 వేలు, మూడోదానికి 18 వేలు, మొత్తం 78 వేలు. సెల్ కూడా మన దేశంలో తయారైన డీసీఆర్ ప్యానెల్ అయితేనే ఆ డబ్బు వస్తుంది. 35 వేలు మిగిలాయని 78 వేలు వదులుకుంటే చేతి నుంచి 43 వేలు పోయినట్టే.

ఒక చిక్కు చూసుకోండి. సబ్సిడీకి ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే లెక్క. 545×6 అంటే 3.27 కిలోవాట్లు, ఇన్వర్టర్ 3. మీకు 78 వేలూ వస్తాయి. ప్యానెల్ ఒకటి తగ్గించి 5 పెడతామంటే మాత్రం 2.7కి దిగుతుంది, ఒప్పుకోకండి.

ఇక బిల్లు. మన దగ్గర ఇళ్ల స్లాబుల్లో 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. 400 యూనిట్లకు ఎనర్జీ చార్జీ ఒక్కటే 2,548 రూపాయలు. ప్యానెళ్లు 350 యూనిట్లు ఇస్తే మీకు నికరంగా పడేది 50 యూనిట్లు, అంటే 117 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరే. సోలార్ ముందుగా తినేసేది ఖరీదైన పై స్లాబులనే. అందుకే నెలకు 400 వాడే ఇంటికి 3 కిలోవాట్లు సరిగ్గా సరిపోతాయి. 200 యూనిట్లు వాడే ఇంటికి బిల్లే 867, అక్కడ 2 కిలోవాట్లు చాలు.

#3 గాజువాక_వైరింగ్
మాస్టారు చెప్పింది నిజం. ఇక 'అ', 'ఆ' సంగతి.

టాప్‌కాన్ ఎండకు తక్కువ నష్టపోతుందని అమ్మేవాళ్లు గట్టిగా చెప్తారు. ఎంత తక్కువో లెక్క వేద్దాం. పెర్క్‌కు డిగ్రీకి 0.35 శాతం, టాప్‌కాన్‌కు 0.30 శాతం. మే మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలకు వెళ్తుంది. ప్యానెల్ వాట్లు లెక్కగట్టే 25 డిగ్రీల మీద 40 డిగ్రీలు ఎక్కువ. పెర్క్ నష్టం 14 శాతం, టాప్‌కాన్ నష్టం 12. ఆ రెండు శాతం కూడా ఎండ మండే గంటల్లోనే. ఈ ఒక్క కారణానికి 28 వేలు పెట్టక్కర్లేదు.

అరుగుదలలో తేడా దీనికంటే పెద్దది. పెర్క్ వారంటీ మామూలుగా మొదటి ఏడు 2 శాతం, తర్వాత ఏటా 0.55. పాతికేళ్లకు 84.8 శాతం మిగలాలి. టాప్‌కాన్‌కు 1 శాతం, తర్వాత 0.4 చొప్పున 89.4 శాతం.

కానీ సముద్రం పక్కన అసలు చూడాల్సింది తేమ. టాప్‌కాన్ సెల్ మీది వెండి గీతలకు తేమ, ఉప్పు పడవు. అందుకని టాప్‌కాన్ తీసుకుంటే రెండు వైపులా గాజు ఉన్నదే తీసుకోవాలి. గాజుకూ సెల్‌కూ మధ్య ఉండే ప్లాస్టిక్ పొర ఉత్త ఈవీఏ కాకుండా పీఓఈ గానీ ఈపీఈ గానీ ఉండాలి. డేటాషీట్‌లో 'ఎన్‌క్యాప్సులెంట్' అన్న వరుసలో రాసి ఉంటుంది, లేకపోతే కంపెనీకి మెయిల్ పెట్టి రాతలో తెప్పించుకోండి. బ్యాక్‌షీట్ టాప్‌కాన్ కంటే మామూలు పెర్క్ మీకు నయం.

#4 భీమిలి_ఉప్పుగాలి
డేటాషీట్‌లో ఐఈసీ 61701 ఉందో లేదో చూడండి. అది ఉప్పు తుంపర పరీక్ష. ఉందని ఊరుకోకుండా తీవ్రత అంకె అడగండి. 6 గానీ అంతకంటే పైది గానీ ఉంటే మేలు. 61215 (మన్నిక పరీక్ష), 61730 (భద్రత పరీక్ష) అందరికీ ఉంటాయి, అవి చూపించి మురిపిస్తారు.

ఇన్‌స్టలేషన్ మాన్యువల్ కూడా తెప్పించుకోండి. సముద్రానికి ఎంత దూరం లోపల పెడితే వారంటీకి ఇబ్బందో చాలా కంపెనీలు అందులోనే రాస్తాయి. 700 మీటర్లు చాలామందికి సమ్మతమే కావచ్చు గానీ మీ మోడల్ మాన్యువల్‌లో ఏముందో అదే చెల్లుతుంది.

#5 ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్
ప్యానెల్ గురించి ఇంత మాట్లాడారు, స్టాండు గురించి ఎవరూ ఎత్తలేదు. విశాఖలో మొదట పోయేది స్టాండే.

'అ' లో జీపీ అని రాశారు. జీపీ అంటే ముందే పల్చగా జింకు పూసిన రేకును మడిచి చేసిన పైపు. కోసిన ప్రతి చివరా, రంధ్రం వేసిన ప్రతి చోటా ఇనుము బయటపడుతుంది. రుషికొండ గాలికి అక్కడే ఎర్రబడుతుంది, తుప్పు పైపు లోపలి నుంచి తింటుంది కాబట్టి పైకి కనపడేసరికి ఆలస్యమైపోతుంది. మీకు కావాల్సింది హాట్ డిప్. కోత, వెల్డింగు, రంధ్రాలు అన్నీ అయిపోయాక మొత్తం ముక్కను కరిగిన జింకులో ముంచాలి. సగటు 80 మైక్రాన్లు అని కొటేషన్‌లో రాయించండి. సరుకు దిగిన రోజే కోటింగ్ మీటరు పెట్టి ప్రతి కాలు మీదా మూడు చోట్ల చూడండి. మీటరు లేదన్నవాడి దగ్గర తీసుకోకండి.

మేడ మీదకు వచ్చాక వెల్డింగు చేస్తామంటే ఆపండి. వెల్డింగు వేడికి చుట్టూ రెండంగుళాల జింకు కాలిపోతుంది. దాని మీద వెండి రంగు పెయింటు కొట్టి గాల్వనైజింగ్ అంటారు. అన్నీ నట్టు-బోల్టు జాయింట్లే ఉండాలి. బోల్టులు ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) 304 పనికొస్తాయి, మీ దూరానికి 316 అయితే ఇంకా మంచిది. మొత్తం బోల్టుల మీద తేడా ఒకటి రెండు వేలకు మించదు.

#6 సీతమ్మధార_సోలార్
బైఫేషియల్‌కు వెనక నుంచి అదనంగా కరెంటు వస్తుందని 'ఆ' తీసుకోవచ్చు కదండీ? 28 వేలలో హాట్ డిప్ స్టాండు కూడా కలిసే ఉంది.

#7 గాజువాక_వైరింగ్
వస్తుంది, నేల తెల్లగా ఉండి ప్యానెల్ ఎత్తులో ఉంటే. సిమెంటు రంగు డాబా మీద అడుగున్నర ఎత్తులో పెడితే ఆ లాభాన్ని లెక్కలో వేసుకోవద్దు. డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేస్తే కొంత పెరుగుతుంది, కింద గది వేడీ తగ్గుతుంది. బైఫేషియల్ కోసమని కాకుండా రెండు వైపులా గాజు ఉందని తీసుకోండి. తేమ లోపలికి పోదు, మీ చోటుకు అదే అసలు లాభం.

సీతమ్మధార గారు చెప్పినట్టు స్టాండు తేడా తీసేస్తే ప్యానెళ్ల తేడా తక్కువే మిగులుతుంది. 'అ' వాళ్లను హాట్ డిప్‌తో కొత్త ధర అడిగి, అప్పుడు పోల్చండి.

#8 రుషికొండ_డాబా
చాలా మంచి వివరాలు. ఇంకో ప్రశ్న. స్టాండు 8 అడుగుల ఎత్తు పెట్టించమని ఇంట్లో అంటున్నారు. కింద బట్టలు, వడియాలు ఆరబెట్టుకోవచ్చని. పెట్టొచ్చా?

#9 ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్
పెట్టొచ్చు. పెట్టే ముందు గాలి లెక్క చూడండి.

కట్టడాల మీద గాలి భారానికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఊరు చూసింది ఆ స్థాయి గాలినే. కాబట్టి కాగితం మీది అంకె అని తీసేయకండి.

గాలి ఒత్తిడి 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకు 1,500 న్యూటన్లు. ప్యానెల్ 2.278 × 1.134 మీటర్లు, వైశాల్యం 2.58. ఆరింటికి 15.5 చదరపు మీటర్లు. ఆకారాన్ని, వాలును బట్టి మారే గుణకం 1 అనుకున్నా పైకి లేపే బలం 23 వేల న్యూటన్లు దాటుతుంది, దగ్గర దగ్గర 2.4 టన్నులు. ప్యానెళ్లు, స్టాండు కలిపి బరువు 400 కిలోలు ఉందనుకుందాం. మిగతా 2 టన్నులను పట్టుకోవాల్సింది కాళ్ల కింది పట్టు. ఎనిమిది కాళ్లయితే ఒక్కోదానికి 250 కిలోలు.

ఇప్పుడు మన ఊళ్లో వేసే కాంక్రీటు దిమ్మె చూడండి. అడుగు × అడుగు × అడుగు. దాని బరువు 65 కిలోలు. ఎనిమిదింటికి 520. రెండు టన్నులెక్కడ, అర టన్నెక్కడ! దిమ్మె కింద డాబాతో ఏ బంధమూ లేకుండా ఊరికే పోసినదైతే ప్యానెళ్లతో సహా లేచిపోతుంది.

స్లాబుకు యాంకర్ బోల్టు వేద్దామంటే ఇంకో తిప్ప. ఇళ్ల స్లాబు మందం 5 అంగుళాలు, 125 మిల్లీమీటర్లు. అందులో 110 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే అడుగున పెచ్చు ఊడుతుంది, తర్వాత వానకు కారుతుంది. అందుకని కాళ్లను వీలైనంతవరకు బీముల మీదకు, స్తంభాల తలల మీదకు తేవాలి. అక్కడ లోతు దొరుకుతుంది, 12 మిల్లీమీటర్ల కెమికల్ యాంకర్ (జిగురు మందుతో అతికే బోల్టు) గట్టిగా పడుతుంది. రంధ్రంలోని పొడిని బ్రష్‌తోనూ గాలి పంపుతోనూ పూర్తిగా తీయకపోతే మందు పట్టదు. ఈ పని తొందరలో ఎగ్గొట్టేస్తారు, ఎదురుగా నిలబడి చేయించండి. బోల్టు బిగించాక చుట్టూ వాటర్‌ప్రూఫ్ గ్రౌటుతో దిమ్మె పోయించి, అంచులు వాలుగా తీయించండి.

ఎత్తు పెంచితే గాలి పక్కకు తోసే బలానికి కాలి మొదట్లో వంపు కూడా ఎత్తుతో పాటే పెరుగుతుంది. 8 అడుగులకు క్రాస్ బ్రేసింగ్ (కాళ్ల మధ్య ఏటవాలు కడ్డీలు) రెండు దిశల్లోనూ తప్పనిసరి, పైపు మందమూ పెంచాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. నన్నడిగితే ఉత్తరం వైపు నాలుగడుగులు, దక్షిణం వైపు రెండున్నర. వడియాలు ఎండలో పెట్టుకోవాలి గానీ ప్యానెళ్ల నీడలో ఎండవు కదా.

#10 లెక్కల_మాస్టారు
వాలు గురించి ఒక మాట. విశాఖ అక్షాంశం 17.7, కాబట్టి దక్షిణానికి 17-18 డిగ్రీలు సరైన వాలు. 10 డిగ్రీలు పెట్టినా ఏడాది మొత్తం మీద పోయేది సుమారు ఒక్క శాతం. వాలు తగ్గితే గాలి పట్టూ తగ్గుతుంది. ఆటోనగర్ గారు చెప్పిన ఎత్తులకు 11 డిగ్రీలు వస్తుంది, అది చాలు. 10 కంటే దించకండి, వాన నీళ్లు జారక కింది అంచున మట్టి గీత కట్టేస్తుంది.

నీడ లెక్క. డిసెంబరు 21 ఉదయం 9కి సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులో ఆగ్నేయంలో ఉంటాడు. ఉత్తరానికి పడే నీడ అడ్డం ఎత్తుకు 1.2 రెట్లు. మీ దక్షిణపు పిట్టగోడ 3 అడుగులు, ప్యానెల్ కింది అంచు రెండున్నర అడుగుల్లో ఉంటే తేడా అర అడుగే, గోడ నుంచి ఒక అడుగు వదిలినా చాలు. తుడవడానికి మనిషి తిరగాలి కాబట్టి రెండున్నర అడుగులు వదలండి. ఆరు ప్యానెళ్లు నిలువుగా ఒకే వరుసలో పెడితే వెడల్పు 23 అడుగుల లోపు, లోతు ఏడున్నర. మీ జాగాలో హాయిగా పడతాయి.

ట్యాంకు వాయవ్యంలో ఉండటం మీ అదృష్టం, దాని నీడ ఎక్కువ భాగం ఉత్తరానికే పోతుంది. మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మాత్రం మధ్యాహ్నం సూర్యుడు మనకు కాస్త ఉత్తరాన ఉంటాడు. అయినా జూన్ 21న నడినెత్తి నుంచి 6 డిగ్రీలు కూడా ఉండదు. 15 అడుగుల ఎత్తుకు దక్షిణంగా అడుగున్నర నీడ. పట్టించుకోనక్కర్లేదు, అయితే ఆ నెలల్లో సాయంత్రం నీడ ఆగ్నేయంగా సాగుతుంది కాబట్టి వరుసను తూర్పు అంచుకు జరపండి.

#11 భీమిలి_ఉప్పుగాలి
కొబ్బరి చెట్టు నీడ సాయంత్రమే కాబట్టి పోయే యూనిట్లు కొన్నే. తుపానుకు ఎగిరొచ్చే మట్ట ప్రమాదం. రెండు మిల్లీమీటర్ల గాజు రెండు పొరలున్న ప్యానెల్ కంటే 3.2 మిల్లీమీటర్ల టెంపర్డ్ గాజున్న పెర్క్ ఆ దెబ్బకు బాగా ఆగుతుంది. ఏటా అక్టోబరుకు ముందు ఎండు మట్టలు, కాయలు దింపించమని పక్కింటివారిని అడగండి.

#12 జ్ఞానాపురం_మేడ
దుమ్ము సంగతి. పోర్టు దగ్గరి పేటల్లో బొగ్గు, ఖనిజం దుమ్ము పడుతుంది. తెల్లవారుజాము మంచుకు అది తడిసి, ఎండకు అట్టకడుతుంది. మీకు దాని బదులు ఉప్పు పొర. రెండింటికీ మందు ఒకటే: పొద్దున్నే ఎండెక్కక ముందు మెత్తటి బ్రష్, మంచినీళ్లు. వేసవిలో పదిహేను రోజులకొకసారి, వానల్లో అవసరముండదు.

సముద్రం దగ్గరి బోరు నీళ్లు వాడకండి. ఉప్పు, సున్నం ఎండి తెల్లటి మచ్చలవుతాయి, అవి మళ్లీ పోవు. జీవీఎంసీ కుళాయి నీళ్లు పైకి పట్టుకోండి. మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చల్లనీళ్లు కొడితే పగులు రావచ్చు. ప్యానెల్ మీద కాలు పెట్టి తుడిచేవాణ్ని మేడ ఎక్కనివ్వకండి. గాజు పగలదు గానీ లోపల సెల్ వెంట్రుకంత చీలుతుంది, అది కంటికి కనపడదు.

#13 గాజువాక_వైరింగ్
ఇక వైరింగు. మంటలు వచ్చేది ఇక్కడే.

ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్లు. ప్యానెల్‌తో వచ్చింది ఒక కంపెనీది, ఎలక్ట్రీషియన్ తెచ్చింది ఇంకోటి. రెండూ టక్కున అతుక్కుంటాయి, కానీ లోపలి పిన్ను కొలత, లోహపు పూత ఒకటి కావు. ఉప్పుగాలికి ఆ సందులో చిలుము పట్టి నిరోధం పెరుగుతుంది, వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఒకే కంపెనీ మగ-ఆడ జత వాడాలి. కటింగ్ ప్లయరుతో నొక్కకుండా క్రింపింగ్ టూల్‌తోనే బిగించాలి. కనెక్టరు డాబా నేల మీద పడి ఉండకూడదు, రెయిలుకు కట్టాలి. తెల్ల నైలాన్ టై ఎండకు ఏడాదిలో విరుగుతుంది, ఎస్ఎస్ టై వేయించండి.

డీసీ కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్లు, తగరం పూసిన రాగి. కొంచెం తొక్క తీసి చూడండి, తీగ వెండిలా ఉండాలి. ఎర్రగా ఉంటే వెనక్కి పంపండి.

డీసీ ఎంసీబీల్లో (సర్క్యూట్ బ్రేకర్లలో) చాలావాటికి ప్లస్, మైనస్ దిశ ఉంటుంది. తిరగేసి కలిపితే మామూలు రోజుల్లో పనిచేస్తుంది, లోడు మీద ఆపినప్పుడు లోపలి మెరుపు ఆరదు, డబ్బానే అంటుకుంటుంది. పెట్టె మూత తీయించి గుర్తులు చూడండి. డీసీ, ఏసీ రెండు వైపులా ఎస్‌పీడీ (పిడుగులాంటి వోల్టేజీ పోటును ఆపేది) ఉండాలి.

ఎర్తు గుంతలు మూడు: ప్యానెళ్ల ఫ్రేములకు, ఇన్వర్టర్ ఏసీకి, పిడుగు రాడ్డుకు. రాడ్డు తీగను ఫ్రేములకు తగిలించకండి. రుషికొండ ఇసుక నేల వేసవిలో ఎండిపోతుంది, కొలత ఏప్రిల్‌లోనే తీయించాలి, 5 ఓమ్‌ల లోపు రావాలి. ఎర్త్ లగ్గు ఉత్త రాగిదైతే అల్యూమినియం ఫ్రేమును తినేస్తుంది, తగరం పూసినదే వాడాలి.

ఇన్వర్టర్ విషయం. 545 వాట్ల ప్యానెల్ 13 ఆంపియర్లు ఇస్తుంది, పెద్ద ప్యానెళ్లు ఇంకా ఎక్కువ. పాత మోడల్ ఇన్వర్టర్లు 12.5 ఆంపియర్లకే ఆగిపోతాయి, పైది వృథా. 15 ఆంపియర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ తీసుకునేది అడగండి. ఆరు ప్యానెళ్ల ఓపెన్ వోల్టేజీ చలికాలపు పొద్దున్న కూడా 320 వోల్టుల చుట్టే, ఏ 3 కిలోవాట్ల ఇన్వర్టరుకైనా హద్దులోనే. ఇంత తక్కువ వోల్టేజీకి పీఐడీ (ఎక్కువ వోల్టేజీ వల్ల ప్యానెల్ శక్తి తగ్గిపోవడం) భయమూ పెద్దగా లేదు, అది వెయ్యి వోల్టుల ప్లాంట్ల బాధ.

#14 రుషికొండ_డాబా
తుపాను వచ్చి కరెంటు పోతే ఈ ప్యానెళ్లతో ఇల్లు నడుస్తుందా?

#15 గాజువాక_వైరింగ్
ఆన్‌గ్రిడ్ అయితే నడవదు. లైను మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కు షాక్ కొట్టకుండా, గ్రిడ్ పోగానే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోవాలి. కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, 51.2 వోల్టులు 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, అంటే 5.12 యూనిట్లు. నాలుగు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ ఒక రాత్రి గడుస్తాయి. ఏసీ, గీజరు, మోటారు దాని మీద పెట్టకండి. బ్యాటరీకి సబ్సిడీ లేదు. ఇప్పుడు బ్యాటరీ వద్దనుకున్నా ఇన్వర్టర్ హైబ్రిడ్ తీసుకుంటే తర్వాత కలుపుకోవచ్చు.

#16 సీతమ్మధార_సోలార్
సరుకు దిగినప్పుడు: ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు ఫోటో తీసి, డీసీఆర్ సర్టిఫికెట్లోని నంబర్లతో ఆరూ పోల్చండి. మోడల్ పేరు ఏఎల్ఎంఎం (కేంద్రం ఆమోదించిన ప్యానెళ్ల) జాబితాలో ఉండాలి. ఫ్లాష్ రిపోర్టులో (ఫ్యాక్టరీ పరీక్ష కాగితంలో) ఒక్కో ప్యానెల్ అసలు వాట్లు ఉంటాయి, అదీ తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ కాగితం మీద 12 ఉంటే మార్పించండి.

#17 రుషికొండ_డాబా
'అ' వాళ్లు హాట్ డిప్, 316 బోల్టులతో కొత్త ధర ఇచ్చారు, 17 వేలు పెంచారు. 'ఆ' తో తేడా 11 వేలకు దిగింది. 'ఆ' ప్యానెల్ డేటాషీట్‌లో ఈపీఈ అని ఉంది, 61701 తీవ్రత 6. 'అ' డేటాషీట్‌లో 61701 ఉంది, తీవ్రత రాయలేదు. ఎనిమిది కాళ్లలో ఆరు కాళ్లు బీముల మీదకు వస్తున్నాయి, రెండు కాళ్లు స్లాబు మీద పడుతున్నాయి.

#18 ఆటోనగర్_ఫ్యాబ్రికేషన్
'ఆ' తీసుకోండి. 11 వేలకు గాజు-గాజు, తీవ్రత అంకె రాతలో రావడం మంచి బేరం. కొబ్బరి చెట్టు పడమర కాబట్టి వరుస తూర్పుకు జరిగితే మట్ట ముప్పూ తగ్గుతుంది.

స్లాబు మీద పడే ఆ రెండు కాళ్లకు విడిగా దిమ్మెలు వద్దు. రెండు బీముల మధ్య 100 మిల్లీమీటర్ల ఛానెల్ ఒకటి అడ్డంగా వేసి, దాన్ని బీముల దగ్గర యాంకర్ చేసి, ఆ ఛానెల్ మీద కాళ్లు నిలబెట్టించండి. ఛానెల్ కూడా హాట్ డిప్‌దే, స్లాబుకు అరంగుళం పైకి లేపి. ఆ సందు లేకపోతే వాన నీళ్లు దాని కింద నిలిచి జింకును తినేస్తాయి.

#19 గాజువాక_వైరింగ్
ఒకటి మర్చిపోకండి. గాజు-గాజు ప్యానెల్ 32 కిలోల దాకా ఉంటుంది, క్లాంపులు మాన్యువల్‌లో చూపిన చోటే, పొడుగు అంచుల మీద పడాలి. మూలల్లో బిగిస్తే రెండు మిల్లీమీటర్ల గాజు తనంతట తనే పగులుతుంది. టార్క్ రెంచ్ తెచ్చుకోమని ముందే చెప్పండి. మీటరు మార్చాక మొదటి వారం మధ్యాహ్నం 12కి ఇన్వర్టర్‌లో గ్రిడ్ వోల్టేజీ చూడండి. 250 దాటి ఇన్వర్టర్ ఆగిపోతూ ఉంటే ప్యానెల్ తప్పు కాదు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు సన్నం. ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో ఆ అంకెల ఫోటోలతో రాతపూర్వకంగా ఇవ్వండి.